రౌడీ షీటు నుంచి గ్యాంగ్ ఫైలు దాకా: ఉప్పల్, నాచారంలో పోలీసు నిఘా ఎలా నడుస్తుంది

2023 జనవరి 7, శనివారం పొద్దున ఉప్పల్‌లో మొదలై నాచారం, ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంతం, చిలకలగూడ, రాంగోపాల్‌పేట మీదుగా రెండు గంటల్లో ఆరు చోట్ల ఆడవాళ్ళ మెడల్లో గొలుసులు తెంపుకుపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పెద్ద వయసు వాళ్ళు. మధ్యాహ్నానికల్లా టీవీ చానళ్ళు 'అంతర్రాష్ట్ర గ్యాంగ్' అన్నాయి. రాచకొండ, హైదరాబాద్ కమిషనరేట్లు రెండూ సీసీటీవీ ఫుటేజీ ముందేసుకున్నాయి.

అదే నెలాఖరులో మెదక్ పట్టణంలో ఒక గొలుసు దొంగతనం జరిగింది. ఫుటేజీలో కనిపించిన మనిషిని పోలి ఉన్నాడన్న అనుమానంతో మెదక్ పోలీసులు హైదరాబాద్ వచ్చి ఖదీర్ ఖాన్ అనే ముస్లిం కూలీని పట్టుకుపోయారు. స్టేషన్‌లో తనను ఎలా కొట్టారో ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచే వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరి మూడో వారంలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకుంది.

ఈ రెండు సంఘటనలనూ మేము కలిపి చదువుతున్నాం. గొలుసు తెంపినప్పుడు మెడ కోసుకుపోయిన ముసలమ్మ భయం అబద్ధం కాదు. మన బస్తీల్లోనూ ఆ భయం ఉంది, బంగారం తక్కువే అయినా. పోలీసులు సమాచారం సేకరించకుండా దొంగను పట్టుకోలేరు, అదీ నిజమే. అయితే ఆ సమాచారం ఎవరి మీద పోగవుతుంది, ఏ కాగితం మీద ఎక్కుతుంది, ఎక్కిన పేరు ఎప్పుడు దిగుతుంది? ఈ మూడు ప్రశ్నలకు కార్యకర్తల దగ్గర, లా చదివే విద్యార్థుల దగ్గర కూడా స్పష్టమైన జవాబు ఉండటం లేదు. ఈ వ్యాసం వాటి కోసమే.

ఎవరి కింద ఎవరు

ఉప్పల్, నాచారం ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా పోలీసుల కింద ఉండేవి. 2003లో సైబరాబాద్ కమిషనరేట్ వచ్చింది. 2016లో దాన్ని రెండుగా చీల్చి తూర్పు భాగానికి రాచకొండ అని పేరు పెట్టారు. ఈ రెండు స్టేషన్లూ మల్కాజిగిరి వైపు జోన్‌లోకి వచ్చాయి.

కమిషనరేట్ అనగానే పెద్ద ఊరు, పెద్ద ఆఫీసరు అని మాత్రమే అనుకుంటాం. చట్టపరంగా దాని అసలు అర్థం వేరు. మామూలు జిల్లాలో ఒకడి చేత 'మంచి నడవడిక' బాండు రాయించాలంటే పోలీసులు తహసీల్దారు ముందో, ఆర్డీవో ముందో నిలబెట్టాలి. వాళ్ళు రెవెన్యూ వాళ్ళు. కమిషనరేట్‌లో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అధికారాలు పోలీసు అధికారుల చేతిలోనే ఉంటాయి. అంటే ఇన్‌స్పెక్టర్ 'వీడు ప్రమాదకరం' అని రాస్తాడు, అదే శాఖలో పై మెట్టు మీదున్న అధికారి 'అవును, బాండు కట్టు' అంటాడు. బైండోవర్ అనే మాట బస్తీల్లో అందరికీ తెలుసు. దాని వెనక ఉన్న ఈ ఏర్పాటు తెలిసినవాళ్ళు తక్కువ.

ఇక నిఘా యంత్రాంగం ఒకటి కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. స్టేషన్‌లో క్రైం టీం ఉంటుంది, అది డీఐ చూసుకుంటాడు. బ్లూకోల్ట్స్ బండ్లు, పెట్రోలింగ్ కార్లు వీధుల్లో తిరుగుతాయి. కమిషనరేట్ స్థాయిలో ఎస్‌ఓటీ, సీసీఎస్, స్పెషల్ బ్రాంచ్ ఉన్నాయి. సభలు, ధర్నాలు, సంఘాల సమాచారం స్పెషల్ బ్రాంచ్ పని. మన మీటింగుల్లో వెనక వరుసలో కూర్చుని నోట్సు రాసుకునే పెద్దమనిషి సాధారణంగా అక్కడివాడే. వీటన్నిటి పైన రాష్ట్ర ఇంటెలిజెన్స్, దానిలో కౌంటర్ ఇంటెలిజెన్స్ సెల్, మావోయిస్టుల కోసం పెట్టిన ఎస్‌ఐబీ, 2007 మక్కా మసీదు, గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ళ తర్వాత వచ్చిన ఆక్టోపస్ ఉన్నాయి. అమెరికాలో ఒక కౌంటీ షెరీఫ్ ఆఫీసులో ఉగ్రవాద నిఘా, గ్యాంగుల నిఘా ఒకే గదిలో కూర్చుంటాయి. ఇక్కడ పేర్లు వేరు, గదులు వేరు. కానీ కింద స్టేషన్‌లో ఇల్లిల్లూ తిరిగి సమాచారం తెచ్చే కానిస్టేబుల్ మాత్రం ఒక్కడే.

ఈ తూర్పు భాగానికి మరో ప్రత్యేకత ఉంది. దేశంలో పోలీసు దర్యాప్తు విద్య నేర్పే కేంద్ర సంస్థల్లో ఒకటి, సెంట్రల్ డిటెక్టివ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో ఉంది. కేంద్ర ఫోరెన్సిక్ లేబరేటరీ కూడా అక్కడే. హబ్సిగూడలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా, క్రికెట్ స్టేడియం. ఐపీఎల్ మ్యాచ్ అంటే వేల మంది పోలీసులు, వందల కెమెరాలు. వీటి నడుమ నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల చుట్టూ ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ కార్మికుల అద్దె గదులు, పాలమూరు, నల్లగొండ నుంచి వచ్చిన మాల, మాదిగ, లంబాడా కుటుంబాల బస్తీలు, మూసీ వైపు దిగువ కాలనీలు. కాపలా కాయాల్సిన ఆస్తులకూ అనుమానించదగిన మనుషులకూ మధ్య ఇక్కడ దూరం ఒక రోడ్డు వెడల్పు మాత్రమే.

రౌడీ షీటు అంటే ఏ చట్టం?

ఏ చట్టమూ కాదు. శాసనసభ చేసిన ఏ చట్టంలోనూ 'రౌడీ షీటు' అనేది కనిపించదు. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీస్ మాన్యువల్‌లోని 601వ స్టాండింగ్ ఆర్డర్ నుంచి వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక కూడా అదే వాడుకలో కొనసాగింది. ఎవరి మీద తెరవచ్చో అందులో ఒక జాబితా ఉంది. శాంతికి భంగం కలిగించే నేరాలు అలవాటుగా చేసేవాళ్ళు, బైండోవర్ అయినవాళ్ళు, ఆడపిల్లలను అలవాటుగా వేధించేవాళ్ళు, దుకాణదారుల దగ్గర బెదిరించి డబ్బు వసూలు చేసేవాళ్ళు, మత, కుల, రాజకీయ అల్లర్లకు రెచ్చగొట్టేవాళ్ళు, పీడీ యాక్టు కింద ఆరు నెలలో అంతకు మించో నిర్బంధంలో ఉన్నవాళ్ళు, ఇలా సాగుతుంది. ఏసీపీ స్థాయి అధికారి ఆదేశం ఉంటే షీటు తెరుచుకుంటుంది.

జాబితా చదివితే తప్పు పట్టడానికి ఏముంది అనిపిస్తుంది. పట్టుకోవాల్సిన మాట 'అలవాటుగా'. 1984లోనే సుప్రీంకోర్టు ఒక బిహార్ కేసులో ఈ మాటకు అర్థం చెప్పింది: మళ్ళీ మళ్ళీ, పట్టుదలగా, ఒకే తీరులో చేసినప్పుడే అలవాటు అవుతుంది, ఒక్క ఘటన అలవాటు కాదు. ఉమ్మడి హైకోర్టు కూడా 1990ల చివర్లో ఇచ్చిన పలు తీర్పుల్లో ఒకటీ అరా కేసు చూపి షీటు తెరవడాన్ని తప్పుపట్టింది. మరొక మాట 'కుల అల్లర్లకు రెచ్చగొట్టేవాళ్ళు'. వాడలో అంబేడ్కర్ విగ్రహం పెట్టే దగ్గర గొడవైతే ఈ గడిలో పడేది విగ్రహం పెట్టినవాడా, అడ్డుకున్నవాడా? కులాన్ని ఎదిరించడాన్నీ కులం పేరిట దాడి చేయడాన్నీ ఆ వాక్యం వేరు చేయదు. వేరు చేసేది షీటు రాసే చెయ్యి.

తెరవడం సులువు, మూయడం కష్టం. 602వ ఆర్డర్ ప్రకారం ఏడాది చివర్లో పై అధికారి సమీక్షించాలి. వినడానికి బాగుంది. అదే ఆర్డర్‌లో ఇంకో వాక్యం ఉంది: చివరి కేసు తర్వాత ఐదేళ్ళు ఏ కేసులోనూ ముద్దాయి కాకపోయినా, అతని కార్యకలాపాలు శాంతికి భంగకరమని, లేదా అతనికి భయపడి బాధితులు ఫిర్యాదుకు రావడం లేదని అధికారి అనుకుంటే షీటు కొనసాగించవచ్చు. అంటే కేసు ఉంటే అది రౌడీ అనడానికి రుజువు, కేసు లేకపోతే జనం భయపడుతున్నారనడానికి రుజువు. ఈ వలలోంచి మనిషి బయటపడే దారి ఏదో మాకు కనిపించలేదు.

షీటు ఉన్న మనిషి బతుకు ఎలా ఉంటుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఏ తెలుగు పేపరు జిల్లా ఎడిషన్ తిరగేసినా చాలు. ఎన్నికలొస్తే, గణేష్ నిమజ్జనం వస్తే 'రౌడీ షీటర్లకు కౌన్సెలింగ్' అని ఫొటోతో సహా వార్త. వరసగా నిలబెట్టిన యువకులు, ఎదురుగా కుర్చీలో అధికారి. సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రం మాత్రమే, బయటపెట్టేది కాదు. మరి ఆ ఫొటో ఎవరి కోసం? దాన్ని చూసిన ఇంటి ఓనరు గది ఖాళీ చేయమంటాడు, కంపెనీ సూపర్‌వైజర్ మర్నాటి నుంచి రావొద్దంటాడు. ఏ కోర్టూ వేయని శిక్ష అది.

ఇద్దరు తెలుగు న్యాయమూర్తులు

నిఘా రిజిస్టర్ల మీద దేశంలోని ముఖ్యమైన తీర్పుల్లో రెండు చోట్ల తెలుగువాళ్ళు కనిపిస్తారు. 1962లో ఖరక్ సింగ్ కేసులో అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టే అధికారాన్ని మాత్రం కొట్టేసి, మిగిలిన నిఘాను మెజారిటీ న్యాయమూర్తులు నిలబెట్టారు. జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి, విభేదించారు. వెంటాడే పోలీసు నీడలో నడిచేవాడికి స్వేచ్ఛ ఉన్నట్టు కాదన్నది ఆయన వాదన సారం. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని ఆయన అన్న మాటను 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. యాభై అయిదేళ్ళు పట్టింది.

రెండోది మలక్ సింగ్ కేసు. జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు. ఇందులో మనకు పనికొచ్చేదీ ఉంది, అడ్డుపడేదీ ఉంది. రిజిస్టర్‌లో పేరెక్కించడానికి సహేతుకమైన నమ్మకం ఉండాలి, నిఘా మనిషి గౌరవాన్ని దెబ్బతీసేలా ఉండకూడదు, సందేహం వస్తే కోర్టు ఆ రికార్డు తెప్పించుకుని చూడవచ్చు. అంతవరకు మంచిదే. కానీ పేరెక్కించే ముందు నోటీసు ఇవ్వాలన్న వాదనను ఆయన ఒప్పుకోలేదు. నిఘా రహస్యం కాబట్టి ముందే చెబితే ప్రయోజనం ఉండదన్నారు. పోలీసు స్టేషన్లు ఈనాటికీ పట్టుకుని వేలాడుతున్నది ఈ రెండో ముక్కను. అంత ఉదార న్యాయమూర్తి కలం నుంచి ఆ ముక్క రావడం మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు ఇంకాస్త ముందుకెళ్ళారు. స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదు, పుట్టస్వామి తీర్పు తర్వాత చట్టం లేకుండా ఒకరి గోప్యతలోకి చొరబడే వీల్లేదు, కాబట్టి వాటి ఆధారంగా రౌడీ షీట్లు చెల్లవు అన్నారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. తెలంగాణలో ఆ తీర్పు నేరుగా వర్తించదు. అయినా పిటిషన్లలో వాడుకోదగిన తర్కం అందులో ఉంది.

అన్నిటికంటే మనకు దగ్గరగా వచ్చినది 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో వచ్చిన తీర్పు. ఢిల్లీ ఎమ్మెల్యే తన మీద తెరిచిన హిస్టరీ షీటును సవాలు చేశాడు, అందులో ఆయన పిల్లల వివరాలు కూడా రాశారు. జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ ఆ ఒక్క కేసుతో ఆగకుండా అన్ని రాష్ట్రాల పద్ధతినీ ముందుకు తెచ్చారు. విముక్త జాతుల మనుషుల పేర్లు కేవలం కులం వల్ల పోలీసు పుస్తకాల్లోకి ఎక్కుతున్నాయన్న ఆరోపణను ప్రస్తావించారు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా రాయకుండా రాష్ట్రాలు తమ నిబంధనలు సవరించుకోవాలని, మైనర్ల వివరాలు రాయకూడదని, జాయింట్ కమిషనర్ స్థాయి అధికారి ఎప్పటికప్పుడు ఆడిట్ చేయాలని చెప్పారు. ఆరు నెలల గడువు పెట్టారు. దాని తర్వాత 2024 అక్టోబర్ 3న, జైళ్ళలో కుల వివక్ష మీద సుకన్యా శాంత కేసులో ఇచ్చిన తీర్పులో, విముక్త జాతుల వాళ్ళను ఇష్టానుసారం అరెస్టు చేయకుండా పోలీసులు ఈ మార్గదర్శకాలనే పాటించాలని సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశించింది.

'గ్యాంగ్' అనే మాట

2020 అక్టోబర్‌లో నాచారంలో ఒక ఇంట్లో పనివాళ్ళు దొంగతనం చేసి పారిపోయారు. పేపర్లలో అది 'నేపాలీ గ్యాంగ్' అయ్యింది. నగర శివార్లలో దొంగతనం జరిగితే 'పార్థీ గ్యాంగ్', 'చెడ్డీ గ్యాంగ్', 'స్టువర్టుపురం గ్యాంగ్'. ఈ పేర్లు గమనించండి. ఒకటి దేశం పేరు, ఒకటి తెగ పేరు, ఒకటి బట్ట పేరు, ఒకటి ఊరి పేరు. ఆర్థిక నేరం చేసిన అగ్రకుల డైరెక్టర్ల బోర్డును ఎవరైనా వాళ్ళ కులం పేరుతో గ్యాంగ్ అన్నారా?

స్టువర్టుపురం నేపథ్యం తెలిసిందే. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించాక, ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో పెట్టిన సెటిల్‌మెంట్ అది. పుట్టుకతోనే నేరస్తులు, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో ఆ చట్టం రద్దయింది, దాని స్థానంలో 'అలవాటు నేరస్తుల' చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 1962లో ఒకటి చేసుకుంది. తెగ పేరు పోయి 'అలవాటు' అనే మాట మిగిలింది. 601వ ఆర్డర్‌లో మనం చూసింది ఆ మాటనే.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ మాటకు కొత్త బలం ఇచ్చింది. 112వ సెక్షన్ 'చిన్న వ్యవస్థీకృత నేరం' అంటుంది. గుంపులోనో గ్యాంగ్‌లోనో సభ్యుడై ఉండి దొంగతనం, గొలుసు తెంపడం, మోసం, టికెట్ల బ్లాకు అమ్మకం, జూదం, 'ఇలాంటి మరే ఇతర నేరపూరిత చర్య' అయినా చేస్తే ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు. స్టేడియం బయట మ్యాచ్ టికెట్లు బ్లాకులో అమ్మే ఉప్పల్ కుర్రాళ్ళు ఇక గ్యాంగ్ సభ్యులు కావచ్చు. గ్యాంగ్ అంటే ఎవరు, ఎంతమంది అన్నది ఆ సెక్షన్ చెప్పదు. 'మరే ఇతర' అన్న చోట ఎంత ఖాళీ ఉందో చట్టం చదివే విద్యార్థులకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ సమస్య ఒక్క మనదే కాదు. కాలిఫోర్నియాలో షెరీఫులు, పోలీసులు వాడే కాల్‌గ్యాంగ్ డేటాబేస్‌ను 2016లో రాష్ట్ర ఆడిటర్ తనిఖీ చేస్తే, పేరెక్కే నాటికి ఏడాది కూడా నిండని పసిపిల్లలు 42 మంది అందులో తేలారు. వాళ్ళలో 28 మంది తాము గ్యాంగ్ సభ్యులమని 'ఒప్పుకున్నట్టు' రాసి ఉంది. లండన్ పోలీసుల గ్యాంగ్స్ మ్యాట్రిక్స్‌లో ఉన్నవాళ్ళలో మూడొంతులకు పైగా నల్లవాళ్ళేనని 2018లో ఆమ్నెస్టీ చెప్పింది. 2024లో దాన్ని ఎత్తేశారు. కాలిఫోర్నియాలో ఆడిట్ తర్వాత పేరెక్కించే ముందు సదరు మనిషికి తెలియజేయాలని చట్టం తెచ్చారు. నోటీసు ఇస్తే నిఘా కూలిపోతుందన్న వాదన అక్కడ నిలవలేదు.

కాగితం నుంచి ఫోనుకు

2018 జనవరి 18న తెలంగాణ పోలీసులు రాష్ట్రమంతటా 'సకల నేరస్తుల సమగ్ర సర్వే' చేశారు. పాత కేసులున్న వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఫొటోలు, వేలిముద్రలు, కుటుంబ వివరాలు, ఇల్లు ఎక్కడుందో జియోట్యాగింగ్. కేసు కొట్టేసినా, శిక్ష అనుభవించి వచ్చి బుద్ధిగా బతుకుతున్నా, ఒకనాటి పొద్దున పోలీసు జీపు వచ్చి ఇంటి ముందు ఆగితే వీధి మొత్తానికి పాత సంగతి కొత్తగా తెలుస్తుంది. అదే నెలలో టీఎస్‌కాప్ యాప్ వచ్చింది, ఆ ఏడాదే దానిలో ముఖాలు గుర్తుపట్టే సాంకేతికత చేర్చారు. 2024 జూన్‌లో హాక్‌ఐ, టీఎస్‌కాప్ యాప్‌ల సమాచారం హ్యాకర్ చేతికి చిక్కింది. బాధితుల ఫిర్యాదులు, నేరస్తుల రికార్డులు రెండూ ఒకే బుట్టలో పెడితే ఇలాగే అవుతుంది.

కెమెరాలకు మాత్రం చట్టం ఉంది: 2013 నాటి ప్రజా భద్రతా చర్యల చట్టం. వందమంది గుమికూడే సంస్థలన్నీ కెమెరాలు పెట్టుకోవాలి. దాని మీద 'నేను సైతం' పేరుతో కాలనీలు చందాలేసుకుని పెట్టుకున్న కెమెరాలు. కాలాపత్తర్, కిషన్‌బాగ్‌లలో ఆమ్నెస్టీ లెక్కేస్తే వరుసగా 53.7 శాతం, 62.7 శాతం స్థలం కెమెరా కంట్లోనే ఉందని తేలింది. ముఖాలు గుర్తుపట్టే సాంకేతికతకు చట్టమే లేదని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్‌లో 2022 జనవరిలో హైకోర్టు రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో పోలీసులు ఆపి, మాస్కు తీయమని అడిగి ఫొటో తీసుకున్నది ఆయననే.

కార్డన్ సెర్చ్ గురించి ఒక్క మాట. తెల్లారకముందే బస్తీని చుట్టుముట్టి ప్రతి ఇల్లూ తనిఖీ చేసి కాగితాల్లేని బండ్లు సీజ్ చేస్తారు. గేటెడ్ కమ్యూనిటీలో ఇది జరిగిన వార్త మేము చదవలేదు. వారంటు లేకుండా ఇంట్లో సోదా చేయాలంటే ఏ వస్తువు కోసం, ఎందుకు అన్నది అధికారి ముందే రాసిపెట్టాలని బీఎన్‌ఎస్‌ఎస్ 185వ సెక్షన్ చెబుతోంది. 105వ సెక్షన్ సోదాను వీడియో తీయాలంటోంది. రెండు వందల ఇళ్ళకు రెండు వందల కారణాలు ఎవరు రాశారు?

నిఘా చివరికి లాకప్‌లోకే

రాచకొండ పరిధిలోని అడ్డగూడూరు స్టేషన్‌లో 2021 జూన్ 18న మరియమ్మ చనిపోయింది. ఖమ్మం జిల్లాకు చెందిన దళిత మహిళ, ఒక ఇంట్లో వంట చేసేది, డబ్బు పోయిందన్న ఫిర్యాదు మీద పట్టుకొచ్చారు. ఎస్ఐని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగం నుంచి తీసేశారు. 2023 ఆగస్టు 15 రాత్రి అదే కమిషనరేట్‌లోని ఎల్బీనగర్ స్టేషన్‌లో ఒక లంబాడా మహిళను కొట్టారు. ఇద్దరిని సస్పెండ్ చేశారు, హైకోర్టు దాన్నీ తనంతట తానే విచారణకు తీసుకుంది. పక్కనున్న సైబరాబాద్ పరిధిలో, షాద్‌నగర్‌లో, 2024లో మళ్ళీ దొంగతనం అనుమానం, మళ్ళీ దళిత మహిళ, మళ్ళీ సస్పెన్షన్లు.

షీటు, లాకప్ అయ్యాక మూడో మెట్టు పీడీ యాక్టు. విచారణ లేకుండా పన్నెండు నెలలు జైల్లో పెట్టే 1986 నాటి చట్టం. తెలంగాణ దాన్ని సాగదీసి నకిలీ విత్తనాల నుంచి సైబర్ నేరాల దాకా అందులో కలిపింది. 2023 సెప్టెంబర్ 4న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా బెంచి తెలంగాణలో ఇదొక ప్రమాదకర ధోరణిగా మారిందని తీవ్రంగా మందలించింది. అదే నెలలో రాచకొండ కమిషనర్ ఇచ్చిన మరో నిర్బంధ ఉత్తర్వు 2024 మార్చి 21న సుప్రీంకోర్టులో వీగిపోయింది. సలహా బోర్డులు రబ్బరు స్టాంపుల్లా పనిచేయకూడదని ఆ తీర్పులో గట్టిగా చెప్పారు. మామూలు శాంతిభద్రతల సమస్యనూ 'పబ్లిక్ ఆర్డర్'నూ కలిపేయకూడదన్నది ఈ తీర్పులన్నిటిలో తిరిగి తిరిగి వచ్చే సూత్రం. గొలుసు దొంగతనానికి గొలుసు దొంగతనం కేసే పెట్టాలి.

సంఘాల మీద నిఘాకు వేరే చరిత్ర ఉంది. 2021 మార్చి 30న ప్రభుత్వం 16 సంఘాలను మావోయిస్టు అనుబంధ సంఘాలని నిషేధించింది.  కొద్ది నెలలకే ఆ జీవోను వెనక్కి తీసుకుంది. 2022 ఆగస్టులో తాడ్వాయి స్టేషన్‌లో ప్రొఫెసర్ హరగోపాల్ సహా 152 మంది మీద ఉపా కేసు పెట్టిన సంగతి పది నెలల తర్వాత గాని బయటికి రాలేదు. మావోయిస్టుల కోసమని ఎస్‌ఐబీకి ఇచ్చిన యంత్రాలతో రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారన్న ఆరోపణ మీద 2024 మార్చి నుంచి పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఆ కేసు మీద టీవీల్లో ఎన్ని గంటల చర్చ జరిగిందో అందరం చూశాం. నాయకుడి ఫోను వింటే అంత గోల, మరి బస్తీ కుర్రాడి ఫోను రోడ్డు మీద ఆపి లాక్కుని వాట్సాప్ చూస్తే?

రిజిస్టర్ రద్దు కాదని మాత్రం అనుకోకండి. హైదరాబాద్‌లో హిజ్రాల పేర్లు నమోదు చేసి నిఘా పెట్టే నిజాం కాలపు చట్టం ఒకటి నిన్నమొన్నటి దాకా పుస్తకాల్లో ఉండేది. వైజయంతి వసంత మొగిలి వేసిన పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. ఒక సమూహాన్ని మొత్తంగా నేరస్తులుగా చూసే చట్టానికి రాజ్యాంగంలో చోటు లేదంది.

కేసు మీ దగ్గరకు వస్తే

షీటు ఉందని అనుమానం వస్తే ముందు రాతపూర్వకంగా డీసీపీకి దరఖాస్తు పెట్టించండి: ఏ తేదీన, ఎవరి ఆదేశంతో, ఏ క్లాజు కింద, ఏ కేసుల ఆధారంగా తెరిచారు, చివరి సమీక్ష ఎప్పుడు. రసీదు ముఖ్యం. కొట్టేసిన కేసుల తీర్పు నకళ్ళు జత చేయండి, చాలామంది దగ్గర అవి ఉండవు, కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి తీయాలి. జవాబు రాకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్. నిరుపేదలకు హైకోర్టు న్యాయ సేవల కమిటీ వకీలును ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితం, ఈ సంగతి చాలామంది అడగరు, ఎవరూ చెప్పరు.

స్టేషన్‌కు రమ్మని ఫోను వస్తే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇవ్వమనండి. కక్షతో తప్పుడు కేసు పెట్టిన వాళ్ళ మీద అట్రాసిటీ చట్టం 3(1)(పి), విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారి మీద 4వ సెక్షన్ ఉన్నాయి. 3(1)(పి) ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళకే వర్తిస్తుంది కాబట్టి ఫిర్యాదుదారు కులం ముందే తెలుసుకోండి.

సమాచార హక్కు కింద ఒక్కొక్కరి షీటు అడిగితే నిరాకరిస్తారు. మొత్తాల లెక్క అడగండి. ఇంటెలిజెన్స్ విభాగానికి 24వ సెక్షన్ మినహాయింపు ఉందంటారు, కానీ మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదు, మామూలు పోలీసు స్టేషన్‌కు అసలే లేదు. ఉప్పల్, నాచారం స్టేషన్ల పేరు విడివిడిగా రాసి ఈ ప్రశ్నలు పెట్టవచ్చు: అమలులో ఉన్న రౌడీ, సస్పెక్ట్ షీట్లు ఎన్ని, వాటిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలవి ఎన్ని, ఐదేళ్ళుగా కొత్త కేసు లేనివి ఎన్ని, గత మూడేళ్ళలో మూసినవి ఎన్ని, 2024 మే 7 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆడిట్ చేసిన అధికారి హోదా ఏమిటి, తేదీ ఏమిటి, ఆ ఆడిట్‌లో తీసేసిన పేర్లు ఎన్ని.